గడ్డి ప్లేటు అంచు అందుకునేలోపల

చివరికి అంతా మంచే జరిగింది గనుక ఈ సంగతి ఇప్పుడు తీరిగ్గా, నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు. గడ్డిమందు డ్రమ్ములు వచ్చిన బండిలోనే వెనక్కి వెళ్లిపోయాయి. రామాంజినేయులు మంద ఒక్క పొట్టేలు తగ్గకుండా దొడ్డిలోనే ఉంది. వాళ్ల ఊరు బలసముద్రంలో రక్షిత ఎదురైతే చాలు, జనం "ఏమ్మా, మన ఆప్ ఎట్లుండాది" అని, బాలింతను బిడ్డ గురించి అడిగినట్టు అడుగుతున్నారు. కానీ ఆ వానాకాలంలో రక్షిత మొహం చూసినవాళ్లెవరూ కథ ఇలా తిరుగుతుందనుకోలేదు. రక్షిత అయితే అసలే అనుకోలేదు.

అంతా గడ్డితో మొదలైంది. ఆంధ్రాను ఆనుకుని ఉన్న కన్నడ నేల, పావగడ తాలూకాలో మామూలుగా వాన పడిందంటేనే పది ఊళ్లు మాట్లాడుకుంటాయి. ఆ ఏడు మాత్రం అడక్కుండానే పదునుమీద పదును పడింది. సోలార్ పార్కులో ప్లేట్ల కింద, ప్లేట్ల నడుమ, ఎవరూ విత్తనం వేయకుండానే గడ్డి మోకాళ్ల వైపు లేచింది. చూసే కళ్లకు పచ్చగా బాగానే ఉంటుంది గానీ, గడ్డి ప్లేటు కింది అంచు దాటితే నీడ పడుతుంది. నీడ పడితే కరెంటు తగ్గుతుంది. కరెంటు తగ్గితే బెంగళూరు ఆఫీసులో ఎవరికో కోపం వస్తుంది. ఆ కోపం చల్లారాలంటే గడ్డిని గొర్రెలైనా తినాలి, లేదా మందు కొట్టి మాడ్చేయాలి.

రామాంజినేయులుకు ఆ గడ్డి తప్ప వేరే దిక్కు లేదు. ఆయన చేను ప్లేట్ల కిందే ఉంది. ఏటా బాడిగ వస్తుంది, ఇల్లు గడుస్తుంది. అయితే గొర్రెలు బాడిగ తినవు గదా. తాతల నాటి నుంచి మంద తోలిన బయళ్లన్నీ కంచెల లోపలికి వెళ్లిపోయాయి. కంచె లోపల మేపనిస్తే మంద ఉంటుంది, లేకపోతే అమ్ముకోవాలి. పావగడ సంతలో గొర్రెల బేరం చేసే మారన్నకు ఆయన కబురు కూడా పెట్టాడు. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ ఇంట్లో దాగే సంగతులు తక్కువ.

కిందటేడు ఒకసారి గేటు తెరిచి చూశారు. తెరిచారన్న మాట చెవిన పడగానే చుట్టుపక్కల మందలన్నీ ఒకే పొద్దున, ఒకే గేటు దగ్గరికి వచ్చి పడ్డాయి. తోపులాట, తిట్లు. గొర్రెల మధ్య ఎవరో నాలుగు మేకల్ని కలిపి తోలుకొచ్చారు. గొర్రె తల వంచుకుని మేస్తుంది, మేక అలా ఉండదు. ఒక మేక ప్లేటెక్కి నిలబడి, నాలుగు దిక్కులూ పరికించి చూసింది. దాన్ని ఎవరో ఫోటో తీశారు. ఫోటో బెంగళూరు చేరింది, గేటు మూతపడింది.

రామాంజినేయులు కూతురు రక్షితకు అప్పుడు తట్టింది ఈ ఆలోచన. పావగడలో బీసీఏ చదివి, ఉద్యోగాలకు అర్జీలు పెట్టుకుంటూ ఇంట్లో ఉన్న పిల్ల. పార్కులో ఆ వైపు బ్లాకు సూపర్‌వైజరు ధనుంజయ వాళ్ల ఊరికి దగ్గరి క్యాతగానచెర్లు మనిషి, రైతుబిడ్డ. అతన్ని దారిలో ఆపి అడిగింది.

"అన్నా, గొర్లు వచ్చినందుకు కాదు గదా తగువు, అన్నీ ఒక్కసారే వచ్చినందుకు. ఎవురు ఏ పొద్దు ఏ గేటుకు రావల్లనో ఫోన్లోనే చెప్తే?"

ధనుంజయకూ మందు కొట్టించడం ఇష్టం లేదు. ఆ నేల కింద వాళ్ల నాన్న చేను కూడా ఉంది. బెంగళూరు ఆఫీసుతో మాట్లాడి, ఒప్పించి, మర్నాడు మాట చెప్పాడు.

"సరే అన్నారు పాపా. అయితే మీ ఊరి మందలు ఒక్కటే చాలవు, బ్లాకులు శానా ఉండాయి. మంగళవాడ నుంచి, ఆంధ్రా పక్కనుంచి గూడా రావల్ల. వచ్చేటోళ్లు నీ ఆప్‌లో వంతు తీసుకొనే రావల్ల, అప్పుడే గేట్లు తెరిచేది. గడ్డి ప్లేటు అంచు అందుకొనేలోపల ఇది జరగల్ల. అందుకొనిందంటే మందు కొట్టేదే. అది నా చేతిలో లేదు."

అలా గడువు గడ్డి చేతికి పోయింది. రక్షిత తిండి కూడా మరిచి ఆప్ తయారు చేసింది. తెరిస్తే పార్కు గేట్లన్నీ కనిపిస్తాయి. పచ్చగా ఉంటే ఆ గేటు తెరిచి ఉన్నట్టు, ఎర్రగా ఉంటే పోవద్దని. ఒక్క నొక్కుతో వంతు దొరుకుతుంది. చదువురాని మనిషికి కూడా అర్థమయ్యేంత చక్కగా చేసింది, అందులో వంక పెట్టడానికి లేదు. వంకంతా ఆప్‌కు పెట్టిన పేరులో ఉంది. ఆ పేరు తృణమిత్ర. కాలేజీలో లెక్చరరు మెచ్చుకునే రకం పేరు. కింద దాని గురించి నాలుగు మాటలు రాయమంటే, బడిలో నేర్చిన కన్నడంలో, సగం ఇంగ్లీషులో, పశుపాలకుల సుస్థిర మేత నిర్వహణ అంటూ గవర్నమెంటు బోర్డు మాదిరి రాసి పెట్టింది. అది చదివి తనే రెండుసార్లు పొంగిపోయింది.

ఫోన్లలోకి ఆప్‌లు ఇచ్చే స్టోర్ వాళ్లు ఆప్‌ను ఒప్పుకున్న రోజు ఇంట్లో పాయసం చేశారు. రక్షిత గుండె మీది బరువు దిగినట్టయింది. ఇంక మందలు వచ్చేస్తాయనుకుంది. ఒక్కటీ రాలేదు.

లింకు పంపితే సరిపోయేది. కానీ ఆ ఊళ్లలో లింకు అన్న మాటకే చెడ్డకాలం వచ్చింది. కొన్నాళ్ల కిందట మంగళవాడ ఈరక్క, గవర్నమెంటు సాయం అని వచ్చిన లింకు నొక్కి, బ్యాంకులో ఉన్నదంతా పోగొట్టుకుంది. బ్యాంకు వాళ్లు ఊరూరా తిరిగి సభ పెట్టి చెప్పారు. ఎవరు లింకు పంపినా నొక్కవద్దు, సొంత తమ్ముడు పంపినా నొక్కవద్దు, ఆప్ కావాలంటే మీరే స్టోర్‌లోకి పోయి వెతుక్కోండి అని. జనం చాలా సభల్లో చాలా మాటలు విని వదిలేశారు గానీ, ఈ ఒక్క మాట పట్టుకున్నారు. రక్షిత పంపిన లింకును సొంత మేనమామ కూడా నొక్కలేదు.

"నువ్వే పంపినావని ఏమి నమ్మకం పాపా, ఈ కాలంలో గొంతు గూడా మారుస్తారంట" అన్నాడు ఆయన, ఆమె ఎదురుగా కూర్చునే.

అందుకని అందరూ స్టోర్‌లో వెతికారు, ఎవరికీ దొరకలేదు. రామాంజినేయులు తనే ప్రయత్నించాడు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, మైకు బొమ్మ నొక్కి, ఏదో అడిగాడు. కాసేపటికి మొహం విప్పారి కూతురి దగ్గరికి వచ్చాడు.

"దొరికింది పాపా. బాగానే చేసినావు గాని, గొర్లు కంచె దూకుతాండాయి. దూకకూడదని గదా మనం వంతులు పెట్టింది."

రక్షిత చూస్తే అది పిల్లలాడుకునే ఆట. గొర్రె పరిగెత్తుతూ వస్తుంది, వేలు పెడితే కంచె మీదుగా దూకుతుంది. ఆయన అప్పటికే చాలా కంచెలు దూకించి ఉన్నాడు. తన ఆప్ కోసం ఆమె కిందికి జరుపుతూ పోయింది, వేలు నొప్పి పుట్టేదాకా పోయింది. తృణమిత్ర ఎక్కడా లేదు.

ఆమె మేనత్త కొడుకు గోపికృష్ణ తుమకూరులో ఒక చిన్న కంపెనీలో ఉన్నాడు. ఆప్‌లు జనం కంటపడేలా చేయడమే అతని పని. రక్షిత అతనికి ఫోన్ చేసి ఏడుపు గొంతుతో అడిగింది.

"చూడు రక్షితా, సంతలో కూడా ముందర కూసున్నోని సరుకు ముందు అమ్ముడుపోతాది గదా, ఇదీ అంతే" అన్నాడు గోపికృష్ణ. "ఎవుర్ని ముందర కూసోబెట్టల్లనో వాళ్లు లోపల ఎట్ల లెక్కేస్తారో పూర్తిగా ఎవురికీ చెప్పరు. మా పనిలో మాకు తెలిసింది ఇంతే. జనం ఏ మాట అడుగుతారో ఆ మాట నీ పేరులో, నువ్వు రాసిన దాంట్లో ఉండల్ల. ఎక్కించుకొన్నోళ్లు రోజూ తెరస్తాండల్ల, మర్నాడే తీసేయకూడదు. స్టార్లు బాగుండల్ల. నువ్వు మొదట ఆ పేరు మార్చు."

మనిషికి తనకు కావలసిందే వినపడుతుంది గదా. రక్షితకు స్టార్లు అన్న మాట ఒక్కటే వినపడింది. పేరు మార్చమన్నది చెవిన వేసుకోలేదు. అంత చక్కటి పేరు మార్చడమేమిటని లోపల కొంచెం మొహం మాడ్చుకుంది కూడా.

మర్నాడు సాయంత్రం పంచాయితీ లైబ్రరీ దగ్గరికి ఊరినంతా పిలిచింది. అక్కడ వైఫై ఉంది. ఆమె కూతురులాంటిది, రామాంజినేయులు మంచివాడు, పైగా టీ కూడా ఇస్తానంది. గొర్రెలున్నవాళ్లూ వచ్చారు, లేనివాళ్లూ వచ్చారు. రక్షిత ఒక్కొక్కరి ఫోన్ తీసుకుని, తృణమిత్ర అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, వెతికి పట్టి, ఎక్కించి, ఐదు స్టార్లూ పెట్టించింది. ఏదైనా రాయమంటే ఏం రాయాలో తెలియక, మొదటివాడు సూపర్ ఆప్ అని రాశాడు. తక్కినవాళ్లు అతన్ని చూసి అదే రాశారు. టీ తాగి, మంచి పని చేశామన్న తృప్తితో ఇళ్లకు పోయారు. దారిలోనే సగం మంది, ఫోన్లో జాగా లేదని దాన్ని తీసేశారు. గొర్రెలు లేనివాడికి గొర్రెల ఆప్ ఎందుకు మరి.

ఇంటికి వచ్చి రక్షిత లెక్క చూసుకుంది. వరసగా ఐదులు, కళ్లు చల్లబడ్డాయి. ఆ ఐదుల మధ్య ఒకే ఒక్కటి మాత్రం ఒంటి స్టారు. ఎవరు పెట్టారో పేరు లేదు, రాత లేదు. పాయసంలో రాయి తగిలినట్టయింది ఆమెకు.

ఆలోచించి ఆలోచించి ఆమె అనుమానం మారన్న మీదికి పోయింది. మంద అమ్ముడుపోకపోతే నష్టపోయేది అతనే గదా. ఆ మర్నాడే మారన్న మందను చూసిపోవడానికి వచ్చి, వాకిట్లో నిలబడి, "నీళ్లు ఇయ్యి పాపా" అని అడిగాడు. రక్షిత మొహం తిప్పుకుని లోపలికి పోయింది. ఆ ఇంట్లో దాహమడిగినవాడికి అలా ఎప్పుడూ జరగలేదు. మారన్న తను చేసిన తప్పేమిటో తెలియక, కిందికి చూస్తూ వెళ్లిపోయాడు.

అసలు దెబ్బ ఇంకో రెండు పొద్దులకు పడింది. స్టోర్ నుంచి ఒక సందేశం వచ్చింది. సహజంగా లేనట్టు కనిపించిన రేటింగులను తీసేశామని. రక్షిత తెరిచి చూసింది. ఐదులన్నీ ఊడ్చిపెట్టినట్టు పోయాయి. సూపర్ ఆప్‌లన్నీ పోయాయి. మిగిలింది ఒక్కటే, ఆ ఒంటి స్టారు. ఇప్పుడు ఎవరైనా తృణమిత్రను కనిపెట్టినా, పక్కన ఒకటి అన్న అంకె చూసి దండం పెట్టి పోతారు.

"ఒకే వైఫై, ఒకే సాయంత్రం, అందరిదీ ఒకే మాట" అన్నాడు గోపికృష్ణ ఫోన్లో. "ఎవురికైనా అనుమానం రాదా. నేను చెప్పింది పేరు మార్చమని, నువ్వు చేసింది పెండ్లికి పిలిచినట్ల ఊరంతా పిల్చి స్టార్లు పెట్టించేది."

"మరి ఆ ఒక్కటి ఎందుకు పోలేదు బావా?"

"అది నిజమైన మనిషి పెట్టింటారు. వైఫై కాడికి రాకుండా, రోజూ ఆప్ తెరిచి చూసే మనిషి."

ఆ మాటను రక్షిత పట్టించుకునేలోపే, ధనుంజయ బండి వచ్చి వాకిలి ముందర ఆగింది. గడ్డిమందు డ్రమ్ములు గేటు దగ్గర దిగాయని చెప్పడానికి వచ్చాడు. గడ్డికీ ప్లేటు అంచుకూ మధ్య సందు నాలుగు వేళ్లు ఉందన్నాడు.

"కొట్టేవాళ్లు పావగడ నుంచి రావల్ల. ఏదో ఒకటి చెప్పి సోమారం దాకా ఆపుతా పాపా. ఇంగ ఆపలేను" అని, రామాంజినేయులు వైపు చూడలేక, టీ కూడా తాగకుండా పోయాడు.

రక్షిత అవ్వ భాగీరథమ్మ ఇంటి వెనక గట్టు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంది. మోకాళ్ల నొప్పితో ఆమె ఎక్కడికీ కదలదు. రక్షిత ఆమె పక్కన కూలబడి, ఆపుకున్న ఏడుపంతా ఏడ్చేసింది. తన వల్లే మంద పోతుందని చెప్పింది. స్టార్లు పోయిన సంగతి, మారన్న చేసిన ద్రోహం, అన్నీ చెప్పింది.

"పాపం ఆయప్పను ఎందుకు తిడతావు" అంది భాగీరథమ్మ. "ఆ ఒక్కటి పెట్టింది నేను గదా."

రక్షిత ఏడుపు ఆగిపోయింది. అవ్వ మొహంలో తప్పు చేసిన జాడ ఒక్క పిసరు కూడా లేదు.

"అందరూ ఐదు, ఐదు అని పెడతాండారని మీ నాయన వచ్చి చెప్పినాడు. ఒక్క వంక గూడా లేకుండా ఉండేదాన్ని జనం కండ్లు వదుల్తాయా పాపా? బుగ్గ మీద కాటుకబొట్టు పెట్టకుండా నిన్ను నేను ఏ పొద్దన్నా వాకిలి దాటించినానా? ఈ ఇల్లు కట్టినప్పుడు వాకిట్లో గుమ్మడికాయ కట్టలేదా? నువ్వు అన్నం మాని చేసినావే, దానికీ ఏదో ఒకటి పెట్టల్ల గదా. అందుకని మొదటిది ఒక్కటే నొక్కి, తక్కినవి వదిలేసినా. దిష్టికి."

రక్షితకు ముందు ఏమీ అర్థం కాలేదు, తర్వాత అంతా అర్థమైంది. నవ్వు వచ్చింది, నవ్వుతూ ఉంటే మళ్లీ కన్నీళ్లు వచ్చాయి. ఈ ఏడుపు వేరే. ఇన్ని రోజులూ ఆమెను మంద పోతుందన్న భయం ఒకటి, ఊళ్లో ఎవరో తన చెడు కోరుతున్నారన్న బాధ ఒకటి తింటూ ఉన్నాయి. రెండోది ఆ క్షణంలో తీసేసినట్టు పోయింది. ఆ ఒంటి స్టారు ద్వేషంతో పెట్టింది కాదు. అందరి స్టార్లలోనూ ఎక్కువ ప్రేమతో పెట్టింది అదే. ఆమె అవ్వ భుజం మీద తల పెట్టుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంది.

"నువ్వు రోజూ తెరస్తావా అవ్వా దీన్ని?"

"తెరవక. చేసిన పొద్దే నువ్వే గదా నా ఫోన్లో ఎక్కించిస్తివి. మీ నాయన మందకు ఏ గేటు పచ్చగా ఉండాదో చూసుకోవద్దా. ఈ పొద్దు అన్నీ ఎర్రగానే ఉండాయి" అంది భాగీరథమ్మ. తర్వాత ఏదో తోచి, "అయితే పాపా, బొట్టయితే పెట్టినా గాని బిడ్డ గురించి రెండు మంచి మాటలు చెప్పలే. మాట్లాడేది యాడ నొక్కల్ల, చూపించు" అంది.

రక్షిత మైకు బొమ్మ చూపించింది. భాగీరథమ్మ ఫోన్‌ను పళ్లెంలా రెండు చేతుల్లో పట్టుకుని, అవతల ఎవరో కూర్చుని వింటున్నట్టు నిదానంగా చెప్పింది.

"ఇది మా మనవరాలు చేసింది. సోలార్‌లో గొర్లకు మేత యాడ ఉండాదో చెప్తాది. పచ్చగా ఉంటే గేటు తెరిచినట్టు, ఎర్రగా ఉంటే పోవద్దండి. మా కొడుకు మంద కోసం నేను రోజూ చూస్తాండా. మేకల్ని మాత్రం తోలుకొని రావద్దండప్పా, పోయినేడు మేక ప్లేటెక్కి అందరికీ తంటా తెచ్చింది. ఒక్క స్టారే పెట్టినానని ఏమీ అనుకోవద్దండి, అది దిష్టికి."

ఆమె మాట్లాడుతూ ఉంటే తెర మీద తెలుగు అక్షరాలు వరసగా పడుతున్నాయి. రక్షిత చదివింది కన్నడ బడిలో. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, తెలుగు అక్షరాలు సినిమా పోస్టర్ల మీద, ఆంధ్రా బస్సుల బోర్డుల మీద చూసి నేర్చుకున్నవే. కూడబలుక్కుని చదివింది. సోలార్. గొర్లు. మేత. గేటు. తను రాసినదాంట్లో ఈ మాటలు ఒక్కటి కూడా లేవు. తన నాయన కోసం, తన అవ్వ కోసం చేసినదాన్ని, నాయనా అవ్వా జన్మలో పలకని మాటల్లో దాచిపెట్టి, దొరకలేదేమని ఏడుస్తూ ఉంది. సిగ్గేసింది గానీ, ఆ సిగ్గులోనే ధైర్యం కూడా వచ్చింది. తప్పు తనదైతే దిద్దుకునేదీ తనే గదా.

లేచి దొడ్డి దగ్గరికి పరుగెత్తింది. "నాయనా, ఆ పొద్దు ఫోన్లో ఏమని అడిగినావు?"

"ఏమని అడుగుతాను పాపా, సోలార్‌లో గొర్లకు మేత అని అడిగినా" అన్నాడు రామాంజినేయులు.

మంద ఉన్న ఇంటికల్లా పోయి ఇదే అడిగింది. ఒకరు గొర్లు అన్నారు, ఒకరు గొర్రెలు అన్నారు, ఒకరు సోలార్ గేటు తెరిచినారా అని అడిగామన్నారు. ఎవరూ చేత్తో రాయలేదు, అందరూ నోటితోనే అడిగారు. అడిగింది అంతా తెలుగులోనే. ఆ సాయంత్రమే ఆప్‌కు సోలార్ గొర్ల మేత అని పేరు మార్చింది. లెక్చరరు చూస్తే ఏమనుకుంటాడోనని ఒక్క క్షణం అనిపించింది, ఆ లెక్చరరుకు గొర్రెలు లేవని గుర్తొచ్చి ఊరుకుంది. దాని గురించి అవ్వ చెప్పినట్టే తెలుగులో రాసింది, కన్నడంలోనూ మాట్లాడే మాటలే రాసింది. ఫోన్లో జాగా లేనివాళ్ల కోసం బొమ్మలు తగ్గించి ఆప్‌ను చిన్నది చేసింది. ఈసారి ఎవరినీ పిలవలేదు. గొర్రెలున్న నలుగురు తమకు తామే మళ్లీ ఎక్కించుకున్నారు.

"ఇది నేను మొదట్లోనే చెప్పింది" అన్నాడు గోపికృష్ణ.

"వినపడలేదు బావా" అంది రక్షిత.

తర్వాత చేయడానికేమీ లేదు, ఎదురుచూడటం తప్ప. పొద్దున లేస్తూనే ఫోన్లో నోటితో అడిగి చూసేది. మొదట గొర్రెల ఆటలే వచ్చాయి. తర్వాత ఎక్కడో అడుగున, ఉన్ని కత్తిరించే మిషన్లు అమ్మే ఆప్ కింద తన ఆప్ తల కనిపించింది. ఆదివారం పొద్దునకు ఆటల మధ్యలోకి వచ్చింది, ఆ పక్కన ఇంకా ఒకటి అన్న అంకె వేలాడుతూనే ఉంది. ఒక్క కొత్త వంతు కూడా పడలేదు. గడ్డి మాత్రం తన పని తాను చేసుకుపోతూ ఉంది. రామాంజినేయులు కూతుర్ని ఏమీ అడగలేదు. సోమవారం పొద్దున రమ్మని మారన్నకు చెప్పి వచ్చాడు.

సోమవారం రక్షిత గేటు దగ్గరే నిలబడింది. మందు కొట్టేవాళ్లు వచ్చి డ్రమ్ము మూత తీస్తున్నారు. ధనుంజయ వాళ్లకు నీళ్లు చూపిస్తానని అటూ ఇటూ తిప్పుతున్నాడు, పైపు సరిగా లేదని వంక పెడుతున్నాడు. ఆ మాత్రం సాయమే అతను చేయగలిగింది.

అప్పుడు ఆంధ్రా వైపు దారిలో దుమ్ము లేచింది. దుమ్ములోంచి గొర్రెలు వచ్చాయి, గొర్రెల వెనక తెల్లని తలగుడ్డ చుట్టుకున్న పెద్దాయన వచ్చాడు. గేటు దగ్గర మందను ఆపి, జేబులోంచి ఫోన్ తీసి ధనుంజయకు చూపించాడు.

"ఈ పొద్దు నాకు వంతు వచ్చిందంట, ఈ గేటేనా అప్పా? నా పేరు కదిరప్ప. మాది రొద్దం కాడ."

రక్షిత తన ఫోన్ తెరిచింది. కదిరప్ప పేరు ఉంది. దాని కింద మంగళవాడ నుంచి ఒకటి, తను పేరు కూడా వినని ఊళ్ల నుంచి ఇంకొన్ని, ఆ వారమంతా గేట్లన్నిటికీ వంతులు పడుతూ ఉన్నాయి. ఆమె గేటు కమ్మీ పట్టుకుని ఆ పేర్లన్నీ ఇంకోసారి చదివింది.

"మీకు ఇది ఎట్ల దొరికింది మామా?" అని అడిగింది.

"సోలార్‌లో గొర్లకు మేత ఉండాదా అని నిన్న మధ్యాన్నం ఫోన్లో అడిగినామ్మా. ఏవేవో ఆటలు వచ్చినాయి, వాటి నడుమ ఇది ఉండాది. ఒక్క స్టారే ఉండేది చూసి, ఇదీ మోసమేలే అని దాటేయబోయినా. మా కోడలు కింద ఉండేది చదివి వినిపించింది. ఎవురో ముసలామె, మేకల్ని తోలుకొని రావద్దండి, ఎర్రగా ఉంటే పోవద్దండి అని చెప్పింది. మోసం చేసేటోడు రా రా అంటాడు గాని రావద్దండి అంటాడా? దిష్టికి పెట్టినానంటే ఇంట్లో అందరమూ నవ్వినాం. మావోళ్లకందరికీ అదే వినిపించినా. మేకల్ని ఇంటికాడ కట్టేసి వచ్చినానమ్మా."

ధనుంజయ అప్పటికే పక్కకు పోయి బెంగళూరుకు ఫోన్ చేస్తున్నాడు. తిరిగి వచ్చి మందు కొట్టేవాళ్లతో, "మూత పెట్టేయండప్పా" అన్నాడు. అతని గొంతులో అంత సంతోషం రక్షిత ఎప్పుడూ వినలేదు. కదిరప్ప మంద తల వంచుకుని ప్లేట్ల కిందికి పోయింది. గడ్డి కొరికే చప్పుడు వినబడుతూ ఉంటే, ఆమెకు ఆ చోటు వదిలి కదలబుద్ధి కాలేదు.

ఆమె ఇల్లు చేరేసరికి మారన్న వాకిట్లో ఉన్నాడు. రామాంజినేయులుకు కబురు అప్పటికే అందింది.

"ఈ యేడు అమ్మేది లేదు మారన్నా. ఊరికే తిప్పినా, ఏమీ అనుకోవద్దప్పా" అంటున్నాడు.

రక్షిత లోపలికి పోయి, పెద్ద చెంబు నిండా మజ్జిగ కలిపి, ఉప్పు వేసి, కరివేపాకు తుంచి వేసి, మారన్న చేతికి ఇచ్చింది. పోయిన తడవ మొహం తిప్పుకుని పోయిన పిల్ల ఈ తడవ చెంబెడు మజ్జిగ ఎందుకు ఇచ్చిందో మారన్నకు అర్థం కాలేదు. తాగుతూ ఉంటే ఆమె, "ఇంకొంచెం తెస్తా ఉండు చిన్నాయనా" అంది. బేరం పోయినా అతను నవ్వుతూనే పోయాడు.

ఇప్పుడు ఆ ఆప్‌కు స్టార్లు బాగానే పడ్డాయి. ఎవరూ పిలిచి పెట్టించినవి కావు, మేపుకున్నవాళ్లు పెట్టినవి. గొర్రెల ఆటలన్నీ దాని కిందికి దిగాయి. మొన్న గోపికృష్ణ ఫోన్ చేసి, ఒక్క మాట చెప్పాడు.

"అన్నీ ఐదులే, ఆ ఒక్కటి తప్ప. మీ అవ్వతో దాన్ని మార్పించు రక్షితా, ఇంకా పైకి పోతాది."

రక్షిత సరేనని ఇంటి వెనక్కి పోయింది. భాగీరథమ్మ వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది, పక్కన ఫోన్‌లో గేట్లు పచ్చగా వెలుగుతున్నాయి. మనవరాలిని చూసి, ఆమె నోరు తెరవకముందే అడిగింది.

"పాపా, ఇంతమంది చూస్తాండారంట గదా నీదాన్ని. నేను పెట్టిన బొట్టు చెరిగిపోలేదు గదా, ఒకసారి చూడు."

రక్షిత ఫోన్ తీసుకుని చూసింది. ఐదుల మధ్య, ఆ ఒక్కటి, ఆ మాటలు, పెట్టినచోటే ఉన్నాయి.

"ఉండాదవ్వా" అంది.

తర్వాత గోపికృష్ణకు ఫోన్ చేసి, అది తీసేది కుదరదు బావా, అని చెప్పింది.